జనరేటరును మోసే బండి

యంత్రాన్ని కొనడం వేరు, దానిని అవసరమైన చోటికి చేర్చి నిలబెట్టడం వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతటిదో సైన్యం వాడి విడిచిపెట్టిన జనరేటరు విషయంలో బాగా తెలిసివస్తుంది. మిగులు సామగ్రి వేలంలో సరుకు ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే అమ్ముడవుతుంది కనుక, పాట ఖాయమైన క్షణం నుంచి అర టన్నుకు పైబడిన ఇనుప దిమ్మెను గేటు దాటించి రోడ్డెక్కించే భారమంతా కొన్నవారి మీదనే పడుతుంది. కొనేవారు ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూస్తారు, ఇంజను తిప్పే శక్తిని కరెంటుగా మార్చే ఆల్టర్నేటరులో తీగచుట్టలు కాలిపోయాయో లేదో పరీక్షిస్తారు, బండి సంగతి మాత్రం తరవాత చూసుకోవచ్చునని అనుకుంటారు. నిజానికి చక్రాల మీదికి ఎక్కని జనరేటరు సగం యంత్రం మాత్రమే. ఆ మిగతా సగాన్ని ఎంచుకోవడానికి మొదటి సగానికి పెట్టినంత శ్రద్ధా, కొంత ఎక్కువే ఓపికా కావాలి.

ఈ మాట పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి ఊరికి కొత్తగా తోచదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ తన కర్మాగారాన్ని నెలకొల్పిన నాటి నుంచీ ఇరుసులూ చక్రాలూ కమానులూ మరమ్మతు చేయడమే ఈ పట్టణపు జీవనాధారం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి అదే రైలు మార్గం వెంట వచ్చి మథురాకాటి, నింపురా వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, తరవాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఈ రైల్వే కార్మికులను కూడగట్టిన కాలానికి ముందే ఈ పని అన్నం పెట్టింది. జనరేటరును మోసుకుపోవడం ఎలా అన్న ప్రశ్నకు రైల్వేవారు మూడు రకాలుగా సమాధానం చెప్పారు. మొదటి పద్ధతిలో ప్రతి పెట్టె కిందా ఒక ఆల్టర్నేటరును వేలాడదీసి, పెట్టె ఇరుసు నుంచే బెల్టుతో దానిని తిప్పి, బ్యాటరీలను నింపుకుని 110 వోల్టుల కరెంటుతో దీపాలూ పంకాలూ నడిపారు. ఏసీ పెట్టెలే నిండిన రాజధాని ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లకు ఇది చాలకపోవడంతో, రెండు పెద్ద డీజిల్ సెట్లను ఒక ప్రత్యేక పెట్టెలో అమర్చి, పవర్ కార్ అని పేరు పెట్టి, బండి చివర తగిలించారు. మూడవ పద్ధతిలో పై తీగ నుంచి ఇంజను తీసుకునే విద్యుత్తునే వెనక పెట్టెలకు పంచారు, దాంతో డీజిల్ సెట్టు అవసరమే తగ్గిపోయింది. మిగులు జనరేటరుకు ట్రైలరు వెతికేవారికి ఈ మూడింటిలో నేర్పేది పవర్ కారే. అక్కడ డీజిల్ సెట్టును ఖాళీగా ఉన్న ఏదో ఒక పెట్టెలో పడవేయలేదు. దాని బరువుకూ వేడికీ అదురుకూ సరిపోయే పెట్టెను దానికోసమే రూపొందించారు.

సైన్యాలు కూడా ఇదే మార్గంలో ఆలోచించాయి, దానికి ఖరగ్‌పూర్ పరిసరాలే దగ్గరి నుంచి సాక్ష్యమిచ్చాయి. 1944లో అమెరికా వాయుసేనకు చెందిన ఇరవయ్యవ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ను ప్రధాన కేంద్రంగా చేసుకుని, ఇక్కడి నుంచీ, చాకులియా, పియర్‌డోబా, దూధ్‌కుండి మైదానాల నుంచీ బి-29 విమానాలను నడిపింది. ఆ విమానాల తోక భాగంలో చిన్న పెట్రోలు ఇంజనుతో నడిచే జనరేటరు ఒకటి ఉండేది; పెద్ద ఇంజన్లు అందుకునే ముందు విమానానికి కావలసిన కరెంటును అదే ఇచ్చేది. అదే యుద్ధంలో అమెరికన్ సైన్యం వాడిన ఎస్‌సీఆర్-299 అనే రేడియో కేంద్రాన్ని ఒక ట్రక్కులో అమర్చి, దానికి కరెంటు అందించే పది కిలోవాట్ల పీఈ-95 జనరేటరును మాత్రం కె-52 అనే రెండు చక్రాల ట్రైలరు మీద వెనక లాగించేవారు. రేడియో, జనరేటరు ఒకే వాహనంలో పట్టవని కాదు. అదురూ మోతా పొగా పనిచేసే మనుషులకు దూరంగా ఉండాలనీ, కరెంటు పుట్టే చోటూ వాడే చోటూ కేబులు పొడవంత ఎడంగా ఉండవచ్చుననీ ఆ ఏర్పాటు చెబుతుంది. ట్రైలరు అవసరం గురించి ఇంతకంటె మంచి వాదన దొరకదు.

ట్రైలరు వెతికే ముందు జనరేటరు నుంచి తెలుసుకోవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది దాని స్వభావం. విదేశీ సైన్యపు సెట్టు, ముఖ్యంగా అమెరికాది, సెకనుకు అరవై ఆవృత్తాల కరెంటు ఇచ్చేలా తయారై ఉంటుంది, మన దేశంలో వాడుకలో ఉన్నది యాభై. నాలుగు ధ్రువాల ఆల్టర్నేటరు నిమిషానికి 1800 చుట్లు తిరిగితే అరవై, 1500 తిరిగితే యాభై ఆవృత్తాలు వస్తాయి. అలాగని ఇంజను వేగం తగ్గించి ఊరుకుంటే సరిపోదు. వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించి, సెట్టు సామర్థ్యంలో ఆరో వంతు వదులుకోవలసి ఉంటుంది. తగ్గించకుండా మన నీటి పంపును అరవై మీద నడిపిస్తే అది అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరిగి, మోటారు మీద భారం 1.7 రెట్లకు చేరి, మోటారు కాలిపోతుంది. ఈ లెక్క కుదరని సెట్టు ఎంత చవకగా వచ్చినా, దానికి ట్రైలరు చేయించడం వృథా. రెండవది బరువు. పది కిలోవాట్ల సైనిక డీజిల్ సెట్టు అయిదారు వందల కిలోలు తూగుతుంది, దానికి వంద లీటర్ల డీజిల్ చేరితే మరో ఎనభై కిలోలకు పైగా పెరుగుతుంది, బ్యాటరీలూ కేబుళ్లూ పనిముట్లూ కలిపితే డెబ్భై దాకా అవుతుంది, ట్రైలరు సొంత బరువు మూడున్నర వందలు వేసుకుంటే మొత్తం టన్ను దాటుతుంది. ఈ లెక్కను ఊహ మీద వదలకుండా, అన్నీ ఎక్కించిన బండిని వేబ్రిడ్జి మీద ఒకసారి తూచి చూడడమే తెలివైన పని.

బరువు తెలిశాక చాలామంది దానికి మూడింతలు మోయగల బండి కోసం చూస్తారు, గట్టిదైతే క్షేమమని నమ్ముతారు. ఈ నమ్మకాన్ని ఎంత ఖండించినా తక్కువే. ఇరుసుకూ చట్రానికీ మధ్య ఉండే కమాను కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు పట్టీలు, తమ మీద తగినంత బరువు పడితేనే వంగి లేస్తాయి. మూడు టన్నుల కోసం చేసిన కట్టల మీద ఒక టన్ను పెడితే అవి దాదాపు కదలవు, రోడ్డు మీది ప్రతి గుంత దెబ్బా నేరుగా జనరేటరుకే తగులుతుంది. ఆ దెబ్బలకు రేడియేటరు అతుకులు పగులుతాయి, మీటర్ల పెట్టెలో స్క్రూలు వదులవుతాయి, ఇంధన గొట్టం కీలు దగ్గర బీటలు వారుతుంది. కట్టలో పట్టీలు ఎక్కువైతే కొన్నింటిని తీయించడం కర్మాగారంలో పనిచేసిన వారికి తెలిసిన విద్యే. ఇంకో ప్రమాదం పొలం ట్రాక్టరుకు తగిలించే ట్రైలరుతో వస్తుంది. అవి చవకగా దొరుకుతాయి, ఇనుము దండిగా ఉంటుంది, అయితే వాటిలో చాలావాటికి కమానులే ఉండవు, ఇరుసును చట్రానికి నేరుగా బిగించేస్తారు. ఇటుకలకూ ఇసుకకూ అది చాలును, తీగచుట్టలూ బేరింగులూ ఉన్న యంత్రానికి చాలదు. సైన్యమే వాడిన ఒక టన్ను ట్రైలరు జనరేటరుతో పాటు వేలంలో దొరికితే దాని వైపు మొగ్గడం మేలు, ఎందుకంటే ఆ కమానులూ ఆ టైర్లూ ఎగుడుదిగుడు నేలకోసమే ఎంచినవి. లేకుంటే కొత్తగా చేయించుకోవాలి. కొత్త చట్రం ఖర్చు కళ్లకు పెద్దదిగా కనిపించినా, తప్పు ట్రైలరును సరిదిద్దే ఖర్చు దానిని ఎప్పుడూ మించిపోతుంది.

రెండు చక్రాలా నాలుగు చక్రాలా అన్నది మరో ప్రశ్న. నాలుగు చక్రాల బండి తనంతట తానే సమంగా నిలబడుతుంది, కాని సందులో వెనక్కి మళ్లించడం నరకం. టన్నున్నర లోపు బరువుకు రెండు చక్రాలే సరైనవి. రెండు చక్రాలనగానే మొగ్గు సంగతి వస్తుంది. ఉత్తరాంధ్ర నాటుబండి తోలిన రైతుకు ఇది చెప్పనక్కరలేదు: బరువు మరీ ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలను నొక్కేస్తుంది, వెనక్కి పడితే నొగలు పైకి లేచి కాడి గొంతుకు పట్టేస్తుంది, అందుకే బస్తాలు ఎక్కించాక నొగలను చేత్తో ఎత్తి, కొద్దిగా ముందు మొగ్గు ఉందని తేలాకే ఎద్దులను కడతాడు. ట్రైలరుకూ అంతే, మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలని ఇంజనీర్లు చెప్పే సూత్రం ఆ చేతి అంచనాకు అంకెలు తొడగడమే. టన్ను బండికి ఇది నూరు నుంచి నూట యాభై కిలోలు. ఇంతకంటె తగ్గితే వేగం పెరిగిన కొద్దీ ట్రైలరు తోక ఊపడం మొదలుపెట్టి, లాగే వాహనాన్ని కూడా రోడ్డు మీంచి తప్పిస్తుంది; పెరిగితే లాగే వాహనపు వెనక కమానులు కుంగి, ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. సైనిక సెట్లలో ఇంజను ఒక చివరా, ఆల్టర్నేటరు మరో చివరా ఉంటాయి, ఇంజను వైపు బరువు ఎక్కువ. అందుచేత సెట్టు పొడవుకు సగం కొలిచి, దానిని ఇరుసు మీద పెట్టడం తప్పు. సెట్టును క్రేను గొలుసుతో ఎత్తి అది ఏ బిందువు దగ్గర సమంగా వేలాడుతుందో గుర్తుపెట్టి, ఆ గుర్తు ఇరుసుకు కొంచెం ముందు పడేలా అమర్చి, బోల్టులు బిగించే ముందు కొక్కెం కింద త్రాసు పెట్టి తూచాలి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడొకసారి, ఖాళీ అయ్యాక మరొకసారి తూస్తేనే నిజమైన మొగ్గు తెలుస్తుంది.

అమరికలోని అసలు కష్టమంతా జనరేటరు ట్రైలరుకు రెండు జీవితాలు ఉండడంలో ఉంది. రోడ్డు మీద అది బరువును మోసే బండి, గమ్యం చేరాక అదే ఒక యంత్రానికి పునాది. ఒక పనికి అనువైనది రెండో పనికి అడ్డమవుతుంది. ప్రయాణంలో కమానులు మెత్తగా ఉండాలి, పనిలో అవే ఊగుతూ ఇంజను అదురును పెంచుతాయి. కాబట్టి నాలుగు మూలలా మరతో దిగే కాళ్లు బిగించి, పని మొదలయ్యేటప్పటికి బరువంతా వాటి మీదికి దించి, చక్రాలకు అటూ ఇటూ దిమ్మెలు పెట్టాలి. సమమట్టం చూడకుండా ఇంజను నడిపితే అడుగు తొట్టిలోని ఆయిలు ఒక పక్కకు చేరి, ఆయిలు పంపు గాలిని పీల్చి, బేరింగులు ఎండిపోతాయి. సెట్టుకూ చట్రానికీ మధ్య రబ్బరు మెత్తలు వేసి అదురును ఆపడం మంచిదే, కాని గుంతల రోడ్డు మీద ఆ రబ్బరు ఒక్కటే బరువును పట్టి ఉంచలేదు; మెత్తల గుండా పొడవాటి బోల్టులు దింపి, కింద వెడల్పు వాషర్లు వేసి, వదులవని నట్లతో బిగించాలి. ఆ బోల్టుల కోసం చట్రపు చానలు ఉక్కుకు రంధ్రాలు ఎక్కడ చేయాలన్నది చిన్న విషయం కాదు. చానలు పై అంచూ కింది అంచూ వంపు భారాన్ని ఎక్కువగా భరిస్తాయి కనుక అక్కడ రంధ్రమో అడ్డ వెల్డింగో చేస్తే పగులు అక్కడే పుడుతుంది. నిలువు భాగంలో చేస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. ఖరగ్‌పూర్‌లో ఈ మాట తెలిసిన చేతులు ఎన్నో ఉన్నాయి, పదవీ విరమణ తరవాత పనిలేక ఉన్న ఆ చేతులకు ఇటువంటి పని అప్పగించడం ఊరికి గౌరవం.

వేడీ పొగా ఎటు పోవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రేడియేటరు నుంచి వచ్చే వేడిగాలి మళ్లీ ఇంజను పీల్చుకునే వైపుకు తిరగరాదు, ఇంజను పొగగొట్టం ట్రైలరుకు పై వైపుగా, మూతతో ఉండాలి, మీటర్ల పలక నేల మీద నిలబడిన మనిషి ఛాతీ ఎత్తులో అందాలి. కేబులు చుట్టే దండానికీ, మంటలార్పే సిలిండరుకూ, మట్టిలో దిగగొట్టే ఎర్తు కడ్డీకీ ట్రైలరులోనే స్థిరమైన చోట్లు ఉండాలి. చోటు లేని వస్తువు అవసరమైన రాత్రి దొరకదు. కొక్కెం కింద రెండు గొలుసులను ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలిస్తే, కొక్కెం ఊడిన రోజున ట్రైలరు ముక్కు నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది.

రైల్వేలో బండి స్టేషనులోకి వస్తుండగానే దారి పక్కన నిలబడి చక్రాలను చూస్తూ, శబ్దం వింటూ, బండి ఆగాక బేరింగు పెట్టెలు వేడెక్కాయేమో పరీక్షించే పద్ధతి ఉంది. దీనిని రోలింగ్ ఇన్ పరీక్ష అంటారు, మితిమీరి వేడెక్కిన ఇరుసును హాట్ యాక్సిల్ అంటారు. ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడి ఉన్న సైనిక ట్రైలరును కొన్నవారికి ఇంతకంటె ఉపయోగపడే అలవాటు లేదు. గ్రీజు గట్టిపడి, తేమ చేరి, బేరింగు గుండ్ల మీద తుప్పు మచ్చలు పడి ఉంటాయి కనుక చక్రాలను విప్పి, పాత గ్రీజు కడిగి, కొత్తది నింపాకే రోడ్డెక్కించాలి. ఎక్కించాక కొద్ది కిలోమీటర్లకే ఆగి, రెండు చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒకటి గోరువెచ్చగా, రెండోది చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే అక్కడి నుంచి ముందుకు పోకూడదు. టైరు మీది గాళ్లు కొత్తగానే కనిపిస్తున్నా పక్కగోడల్లో సన్నని పగుళ్లుంటే ఆ టైరు పనికిరాదు, ఎండలో నిలిచిన రబ్బరుకు వయసు గాళ్లలో తెలియదు.

చట్టం కూడా ట్రైలరును వేరే సామానుగా చూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ట్రైలరు మోటారు వాహనమై ఉంది కనుక నమోదూ వెనక దీపాలూ తప్పవు. మోత విషయంలో, 2005 జనవరి 1 నుంచి తయారైన, 1000 కేవీఏ వరకు సామర్థ్యమున్న డీజిల్ సెట్లు తమ పెట్టెకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించరాదని నిబంధన ఉంది. బోసిగా ఉండే సైనిక సెట్లు యుద్ధరంగానికి తయారైనవే తప్ప ఇళ్ల మధ్యకు తయారైనవి కావు. వాటికి ఆ కొలతనే లక్ష్యంగా పెట్టుకుని, గాలి ఆడే మార్గాలు మూయకుండా లోపల మంట అంటుకోని రాతి ఉన్ని పొరలున్న పెట్టె కట్టించడం పొరుగువారి పట్ల మర్యాద.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు ఈ ఊరే రెండు జవాబులిస్తుంది. ఒకటి పండుగలది: దుర్గాపూజ మండపాలకూ, తెలుగు పేటల మాతపూజకూ, పెళ్లి ఊరేగింపులకూ చిన్న జనరేటరును మూడు చక్రాల వ్యాన్ రిక్షా మీద తాళ్లతో కట్టి తొక్కుకుపోవడం బెంగాల్ పట్టణాల్లో నిత్యం కనిపిస్తుంది, ఆ తాళ్లూ ఆ రిక్షా చట్రమూ నిలిచేది బరువు తక్కువ కావడం వల్లనే, పెద్ద సెట్టుకు ట్రైలరు తప్పదు. రెండవది తుపానులది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్నీ, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళాన్నీ, 2020 మే 20న ఆంఫన్ బెంగాల్‌నూ దెబ్బతీసినప్పుడు కరెంటు స్తంభాలు కూలి, నీళ్ల పంపులూ ఆగిపోయాయి. రక్షిత మంచినీటి ట్యాంకు నిండాలంటే ఎక్కడినుంచో జనరేటరు రావలసిందే. ఖరగ్‌పూర్ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారే శ్రీకాకుళం మీదుగానూ పోతుంది, ఈ ఊరి తెలుగువారి స్వగ్రామాలు ఎన్నో ఆ దారి పక్కనే ఉన్నాయి. అయిదారు వందల కిలోమీటర్లు చెక్కుచెదరకుండా పోయి, దిగిన గంటలో నీళ్లు తోడగలిగినదే జనరేటరు ట్రైలరు అనిపించుకుంటుంది.

దిగిన తరవాత చేయవలసిన రెండు పనుల్లో నిర్లక్ష్యం ప్రాణాలు తీస్తుంది. ఖరగ్‌పూర్ నేల ఎర్రటి లేటరైటు. ఎండాకాలంలో అది రాయిలా బిగిసి, కరెంటును లోపలికి పోనివ్వదు, అందుచేత ఎర్తు కడ్డీని లోతుగా దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్లు పోస్తూ ఉండాలి. అంతకంటె ముఖ్యమైనది చేంజ్ ఓవర్ స్విచ్. భవనాన్ని ఊరి లైను నుంచి పూర్తిగా తప్పించి జనరేటరుకు కలిపే మీట అది. అది లేకుండా జనరేటరు తీగను ఇంటి వైరింగుకు నేరుగా తగిలిస్తే, ఆ కరెంటు వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక నుంచి ప్రవేశించి 11,000 వోల్టుల లైనును బతికిస్తుంది, లైను చచ్చి ఉందన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలవుతాడు. మిగులు జనరేటరు కొనాలనుకునేవారు, అది ఇంటికోసమైనా గుడికోసమైనా ఊరికోసమైనా, వేలం పాటకు పోయే ముందే ట్రైలరుకూ ఆ స్విచ్చుకూ డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఆ రెండింటికీ డబ్బు చాలకపోతే ఆ ఏడాది జనరేటరు కొనకపోవడమే మంచిది.